గుండె నీడ వెనక

పరాయి రాష్ట్రంలోని ఒక రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలోని క్రైస్తవ మిషన్ క్లినిక్కులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్న సమూయేలును ఊళ్ళో తెలుగువాళ్ళంతా 'ఫోటో మాస్టారు' అనేవారు. ఆ పేరంటే తనకెంత ముద్దో, ఏంజలిన్ వచ్చాకగాని ఆయనకు తెలియలేదు.

ఏంజలిన్‌కు ఇంకా పాతికేళ్ళు నిండలేదు. టీబీ సర్వే కోసం, కెమెరా అంత ఎక్స్‌రే మిషను సంచిలో వేసుకుని స్కూటీ మీద ఇల్లిల్లూ తిరుగుతుంది. తీసిన బొమ్మ లాప్‌టాప్‌లో పడుతుంది. ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందో లేదో నిమిషంలో కంప్యూటరే చెబుతుంది. అది అనుమానించిన బొమ్మలే డాక్టరు దాకా వెళతాయి. నెల తిరక్కుండా సమూయేలు గది ముందు బెంచీ ఖాళీ అయింది. అది చాలదన్నట్టు, "అందరి ఇళ్ళూ తెలిసినవారు, అమ్మాయికి తోడు వెళ్ళండి" అన్నాడు డాక్టరు.

అలా ఒక ఉదయం ఇద్దరూ మలంచా పేటలో గణపతిరావు ఇంటికి వెళ్ళారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. మోకాళ్ళు పడిపోయి రెండేళ్ళుగా గడప దాటలేదు. నెలల తరబడి దగ్గు. ఆయన భార్య చిట్టెమ్మ రెండుసార్లు క్లినిక్కుకు వచ్చి అడిగితే, "తీసుకొచ్చీండమ్మా, తీసేస్తాను" అని పంపేశాడు సమూయేలు. ఎలా తీసుకొస్తుందో ఆలోచించలేదు.

ఏంజలిన్ ఆయన్ని మంచం మీదే కూర్చోబెట్టి, వీపు వెనక ఎక్స్‌రే పలక ఆనించి, చిటికెలో పని ముగించింది.

"అప్పుడే అయిపోనాదా తల్లీ! ఈయన్ని ఎలగ మొయ్యాలా అని ఎంత ఏడ్సినానో!" అంటూ చిట్టెమ్మ ఆ పిల్లకు దిష్టి తీసి మెటికలు విరిచింది.

సమూయేలు ముఖం తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో తనకు ఒక్కరైనా మెటికలు విరిచారా?

కంప్యూటరు పచ్చరంగు చూపించింది. దోషం లేదట. సమూయేలు ఆ పిల్ల భుజం మీదుగా తొంగిచూశాడు. గుండె నీడ వెనక, ఎడమవైపు, ఉండీ లేనట్టు ఒక తెల్లటి మరక. అనుభవం లేని కన్ను దాన్ని దాటిపోతుంది.

"ఏటైనా ఉన్నాదా అంకుల్?" అడిగింది ఏంజలిన్.

"ఏటుంటాది? నీ మిషనే సెప్పింది కదా."

రెండు రోజులు ఆయన ఒక రహస్య సుఖంతో తిరిగాడు. మిషను తప్పిందని రేపు ఊరంతా అనుకుంటుంది. అప్పుడు అనాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాడు: 'నాకప్పుడే అనిపించినాది.'

మూడో రోజు ఖరిదా బజారులో చిట్టెమ్మ ఎదురైంది. "దగ్గులో రగతం పడ్డాది బాబూ. ఊపిరితిత్తులు బాగున్నాయని మిషను సెప్పింది కాబట్టి బెంగ నేదు. పుగాకు వల్లేనేమో, కదేటి?"

నమ్మకంగా నవ్వుతున్న ఆ ముఖం చూడలేక సమూయేలు అక్కణ్ణుంచి కదిలాడు. తిన్నగా క్లినిక్కుకు వెళ్ళి, ఏంజలిన్ చేత ఆ బొమ్మ తెరిపించి వేలు పెట్టి చూపించాడు.

"ఆ రోజే సూసినాను."

"నేనడిగినాను కదా అంకుల్."

"అడిగినావు."

ఏంజలిన్ ఆ మరకను పెద్దది చేసి చూసింది. ఎందుకు దాచారని అడగలేదు. బొమ్మను డాక్టరుకు పంపింది. కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది, మందులు మొదలయ్యాయి. రెండు నెలలకు గణపతిరావు దగ్గు తగ్గి, కంచం నిండా తింటున్నాడు.

"ఆ పిల్ల మిషనే నా మనిషిని బతికించినాది" అని మలంచా అంతా చెప్పుకుంది చిట్టెమ్మ. "కాదమ్మా, కనిపెట్టింది అంకుల్" అని ఏంజలిన్ దిద్దింది. ఆయన రెండు రోజులు దాచిన సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు. ఆ మంచితనం సమూయేలును మరింత మండించింది. చేతి పనిలోనే కాదు, మనసులోనూ తనకంటే ఆ పిల్లే పైన.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెడుతుంది. "కంప్యూటరు బాగున్నాయన్నవి కూడా మీరోసారి సూడండి అంకుల్."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో బొమ్మా ఆకలిగా వెతుకుతాడు. నిన్న నలభై చూశాడు. ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. నలభైమందీ ఆరోగ్యంగా ఉన్నారు. "అన్నీ బాగున్నాయమ్మా" అన్నాడు గాని, లోపల ఎక్కడో నిరాశ కలగకపోలేదు.