ఎగిరేదాన్ని కొట్టకూడదు

ఓరెన్ ఒక మాట అన్నాడంటే దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఎగిరే టర్కీ కోడిని కొట్టకూడదన్నది అలాంటి మాటే. కుక్క వెళ్లి గుంపును చెదరగొట్టాలి. మనిషి చెట్టుకు వీపు ఆనించి కూర్చుని, తప్పిపోయిన పిట్టపిల్లలా కూసి, చెదిరిన పిట్టలను వెనక్కి పిలవాలి. నడిచి వచ్చినదాన్ని తల మీద కొట్టాలి, ఒక్క దెబ్బకు పోవాలి. వర్జీనియా కొండల్లో ఆయనతో వేటకు వచ్చినవాళ్లెవరైనా ఈ పాఠం విని తీరాల్సిందే. పొద్దున పెనం మీద బేకన్ మాంసం వేగేలోపు రెండుసార్లు విన్నవాళ్లూ ఉన్నారు.

అందరికంటే ఎక్కువగా విన్నవాడు అల్లుడు వేలన్. ఓరెన్ కూతురు డార్లాను పెళ్లి చేసుకున్న కొత్తలో, మామ మెప్పు కోసం ఉబలాటపడి, దూరంగా ఎగిరిపోతున్న పుంజును వెనకనుంచి కాల్చాడు. అది పడలేదు. ఒక కాలు వేలాడేసుకుని లోయ దాటిపోయింది. మామా అల్లుళ్లిద్దరే చీకటి పడేదాకా పొదలన్నీ గాలించారు. దొరకలేదు. "దొరికినా దొరక్కపోయినా అది నీ పిట్టే. ఈ ఏటికి నీ వేట అయిపోయింది" అని ఓరెన్ అల్లుడి తుపాకీలోంచి తూటాలు తీసి తన జేబులో వేసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎనిమిదేళ్లుగా ప్రతి థాంక్స్‌గివింగ్ విందులోనూ, చివర్లో తీపికి పెట్టే గుమ్మడికాయ 'పై' కోసే వేళకు, ఆ కుంటి పుంజు ప్రస్తావన వస్తూనే ఉంది. వేలన్ నెమ్మదస్తుడు కాబట్టి సరిపోయింది. ఇంకొకడైతే పళ్లెం విసిరేసి లేచిపోయేవాడు.

ఇప్పుడు ఓరెన్‌కు చేతులు వణుకుతున్నాయి. కప్పులో కాఫీ సగం చొక్కా మీదే పడుతోంది. అదొక్కటే అయితే పంటిబిగువున భరించేవాడు. కూర్చుని తుపాకీ ఎక్కుపెడితే గొట్టం కొస వణుకుతోంది, టర్కీ కళ్లు ఆ మాత్రం కదలికను అడవి ఆ చివరనుంచే పట్టేస్తాయి. పోయిన ఏడాది పిలుపు విని వచ్చిన ప్రతి పిట్టా ఆ వణుకు చూసి అటునుంచి అటే పారిపోయింది. ఈ ఏడాదీ అంతే. మోకాలి మీద ఆనించి చూశాడు, పంగల కర్రలో పెట్టి చూశాడు. వణుకు కర్రకు పాకింది తప్ప ఆగలేదు. ఈ శనివారం కూడా ఉత్తచేతులతో దిగితే తుపాకీ అల్లుడికి ఇచ్చేసి, ఇక కొండ ఎక్కకూడదని నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున ఇద్దరూ కొండ ఎక్కుతున్నారు. చుక్కల కుక్క డాటీ ముందు పరుగెడుతోంది. సగం దూరం వెళ్లాక వేలన్ నోరు విప్పాడు.

"మామా, ఫైర్‌స్టేషన్ వాళ్లు పెట్టిన తుపాకీ పోటీలో నిన్ను చూశాను."

"చూస్తే?"

"మట్టి పళ్లేలు గాల్లోకి విసురుతుంటే ఒక్కటి వదలకుండా పగలగొట్టావు. నీ చెయ్యి ఆగితేనే వణుకుతోంది మామా. కదిలేదాని వెంట తిప్పితే ఏమీ లేదు."

ఓరెన్ నిలబడిపోయాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినప్పటినుంచీ సరిగా నిద్ర లేదు.

"పళ్లేనికి తగలకపోతే దానికేం నొప్పి లేదు అల్లుడూ. పిట్ట అలా కాదు. ఎగిరేదానికి తల చిక్కదు, ఒంటికి తగులుతుంది. ఒంటికి తగిలింది ఏ పొదలోనో పడి రోజులతరబడి చస్తుంది."

"నాకు చెప్తున్నావా? ఎనిమిదేళ్లుగా వింటున్నా."

"విని ఏం లాభం? మళ్లీ అదే కూత కూస్తున్నావుగా."

"సరే, దూరంగా పోయేది వద్దు. దగ్గర్లో, పక్కవాటుగా లేచిందనుకో? దొరకబట్టడానికి డాటీ ఉందనుకో? అప్పుడో?"

"నోరు మూసుకుని నడువు."

అల్లుడు నోరు మూసుకున్నాడు గానీ మాట ఓరెన్ బుర్రను తొలుస్తూనే ఉంది. దగ్గర్లో, పక్కవాటుగా, కుక్క ఉండగా. దీనికి గట్టి జవాబు కోసం శిఖరం దాకా వెతుక్కున్నాడు. దొరకలేదు, అందుకే ఒళ్లు మండింది.

పైన ఓక్ చెట్ల కింద డాటీ ఒక్కసారిగా మొరిగి గుంపులోకి దూకింది. పిట్టలు రెక్కలు టపటపలాడిస్తూ నలువైపులా లేచాయి. అన్నిటికంటే ముందు పెద్ద పుంజు. ఓరెన్ తుపాకీ దానంతటదే భుజానికి ఎక్కి పుంజు వెంట తిరిగింది. వణుకు లేదు.

"కొట్టు మామా!"

పుంజు తోక ఇటు పెట్టి లోయ మీదుగా పోతోంది. అచ్చం అల్లుడి పుంజు పోయినట్టే. ఓరెన్ వేలు కదపలేదు.

అంతలో పక్క పొదలోంచి ఆలస్యంగా ఒక కుర్ర పుంజు లేచింది. రాయి విసిరితే తగిలేంత దూరంలో, మెడ చాచి, అడ్డంగా ఎగురుతోంది. ఓరెన్ గొట్టాన్ని దాని ముక్కుకంటే కాస్త ముందుకు తిప్పి కాల్చాడు.

పిట్ట పడింది. పడీపడగానే లేచి, విరిగిన రెక్క ఈడ్చుకుంటూ వాలు కిందికి పరుగెత్తింది. డాటీ దాని వెంట పడింది. మళ్లీ కాలుద్దామంటే కుక్క అడ్డం. రెండూ పొదల్లో కలిసిపోయాయి.

ఓరెన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తుపాకీలో మిగిలిన తూటా తీసి, తుపాకీతో సహా అల్లుడి చేతిలో పెట్టాడు.

"దొరికినా దొరక్కపోయినా అది నా పిట్టే. నా వేట అయిపోయింది. ఈ ఏటికే కాదు, ఇక ఎప్పటికీ."

ఎనిమిదేళ్ల కసి తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సందు వేలన్‌కు మళ్లీ దొరకదు. ఒక్క మాట చాలు. కానీ మామ ముఖం చూసి ఆ మాట మింగేశాడు.

"ముందు వెతుకుదాం పద. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని."

ఎండుటాకుల మీద జారుతూ దిగారు. ఒకచోట రెండు ఈకలు, ఇంకోచోట నెత్తురు మరక. ఆ తర్వాత ఏమీ లేదు. ఓరెన్ నిలబడి చెవులు రిక్కించాడు. జీవితంలో దేవుణ్ణి అడిగినవి తక్కువే. అప్పుడు మాత్రం ఒక కుక్క అరుపు అడిగాడు.

వాగు ఒడ్డునుంచి డాటీ మొరిగింది. కూలిన దుంగ కింద పిట్టను ముందుకాళ్లతో అదిమిపట్టి తోక ఊపుతోంది. ఓరెన్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్క తిప్పుతో మెడ విరిచాడు. చెదిరిన ఈకలను అరచేత్తో సరిచేశాడు. "నొప్పి పెట్టాను నిన్ను" అన్నాడు దానితో. చేతులు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి.

తల ఎత్తాడు.

"ఆ రోజు మన దగ్గర కుక్క లేదు అల్లుడూ."

"ఏ రోజు?"

"నీ పుంజు రోజు. ముసలిదైపోయింది, దీంతో ఎందుకులే అని అప్పటి కుక్కను నేనే ట్రక్కులో వదిలేసి వచ్చాను. అది ఉంటే నీ పిట్ట దొరికేది."

ఎనిమిది విందులు, ఎనిమిది గుమ్మడి 'పై'లు వేలన్ కళ్లముందు తిరిగాయి.

"అంటే తప్పు నాది కాదన్నమాట!"

"తోకవైపు కాల్చావు. తప్పు నీదే." ఓరెన్ మోకాళ్లు దులుపుకుని లేచాడు. "సగం."

"సగమైతే చాలు మామా" అని వేలన్ నవ్వేశాడు.

"నవ్వకు. దీన్ని నేనూ ఇంకా దగ్గరికి రానిచ్చి కొట్టాల్సింది. ఇకమీదట రాయి విసిరేంత కాదు, అందులో సగం. అడ్డంగా లేస్తేనే. కుక్క లేకపోతే అసలే లేదు."

వేలన్ పిట్టను భుజాన వేసుకుని తుపాకీని మామ చేతికి తిరిగిచ్చాడు.

"ఇకమీదట అన్నావుగా. అయితే నీ తుపాకీ నువ్వే మోసుకో."

ఓరెన్ తుపాకీ భుజాన వేసుకున్నాడు. నాలుగు అడుగులు వేశాక వేలన్ అన్నాడు:

"ఈసారి విందులో కథ నేను చెప్తా."

"నువ్వెవరు చెప్పడానికి? కుక్కను వదిలేసిందెవరు? నేను. నేనే చెప్తాను, డార్లా ముందు, అందరి ముందు. నువ్వు మధ్యలో నోరు పెట్టకుండా నీ గుమ్మడి 'పై' తిను."