రుక్కి కూర్చున్న రాయి

జనగామ నుంచి కారేసుకొచ్చిన నర్సింగరావుగారు, గూడూరు పక్కనున్న మా ఊళ్లో ఒక బండరాయిని చూసి చేతులు జోడించారు. పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. ఇప్పుడు జిల్లాలో ఎవరికీ తెలియని కథలతో పుస్తకం రాస్తున్నారట. ఎవరికీ తెలియకపోవడం మాట అటుంచి, ఆయనకు తెలియవన్నది మాత్రం నిజం.

రాయి నిండా గాట్లున్నాయి. "కాకతీయ సైనికుల కత్తి వేట్లు," అని తేల్చేశారు. ఆయన చేతిలో చాయ్ ఇంకా చల్లారలేదు.

పక్కనే నిలబడ్డ బుచ్చమ్మకు ఎనభై దాటాయి.

"కత్తులు గాదు సారూ, కొడవండ్లు. కోతకు పోయేముందు ఆడోళ్లందరు గీడనే నూరుకునేది. దొర కూలి ఇయ్యకుంట కోయమన్నడు. నన్ను గన్న మా అవ్వ రుక్కి కొడవలి నూరుకోని, పొలంల దిగకుంట గిదే రాయి మీద కూసున్నది. లేవమంటె లేవలే. దొర మనుషులు ఆమె వేళ్లు నరికిన్రు. మా అవ్వ పేరు బుక్కుల ఎక్కియ్యి సారూ. నేను పోతే చెప్పెటోళ్లు లేరు."

"ఆధారమేమన్న ఉన్నదా అవ్వా? శాసనం, కాగితం?"

వేళ్లు తెగినప్పుడు రుక్కి రసీదు తీసుకోలేదు పాపం.

ఊరి బడిలో టీచర్ని కాబట్టి ఆ పుస్తకానికి ప్రూఫులు దిద్దింది నేనే. రుక్కి సంగతి అంచున రాసి పంపితే, ఆయన అడ్డంగా కొట్టేసి పంపారు. నేనూ నోరు మూసుకుని ఒత్తులూ దీర్ఘాలూ సరిచేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

పుస్తకం ఆవిష్కరణ ఆ రాయి దగ్గరే పెట్టారు. ఫొటో కోసం నర్సింగరావుగారు నాటకాలవాళ్ల దగ్గర కత్తి అద్దెకు తెచ్చుకుని, దాన్ని ఒక గాటులో ఆనించి నవ్వబోయారు. గాటు వేలెడు వెడల్పున నున్నగా అరిగి ఉంది. కత్తి వేటు అంత నున్నగా ఉండదని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి?

బుచ్చమ్మ చెప్పింది. కొడవలితో వచ్చి, కొంగు దోపుకుని, పక్క గాటులో పదిసార్లు బరబరా నూరింది. తర్వాత రాయెక్కి కూర్చుంది.

"జర లేవవ్వా, ఫొటో ఖరాబైతది," అన్నారాయన.

"లేవ. మా అవ్వ లేచిందా?"

ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి ఆమె ఉండగానే ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో వచ్చింది. కింద ఇలా ఉంది: 'కాకతీయుల శిలపై సేదతీరుతున్న వృద్ధురాలు.'

"ఏం రాసిన్రు బిడ్డా?" చదువురాని బుచ్చమ్మ అడిగింది.

ఇన్నేళ్లూ పిల్లల తప్పులు దిద్దినదాన్ని, గట్టిగా చదివాను: "ఇది దొరకు ఎదురు తిరిగిన రుక్కి రాయి. కూర్చున్నది ఆమె బిడ్డ బుచ్చమ్మ."

ఆమె పేపరు వంక చూసింది, నా ముఖం వంక చూసింది.

"బడిల పిల్లలకు గూడ గిట్లనే సదువు," అంది.