బోటు జట్టులో కొత్తవాడు

నాగులుకు కంప్యూటరు రాదు గానీ పెత్తనం మాత్రం బాగా వచ్చు. రేపల్లెలోని ఆ ఇంట్లో చేపల బ్లాగు నడిపేది ఆయన కోడలు కుమారి. బాపట్లలో చదువుకున్నప్పుడు అబ్బిన విద్యతో పాత కంప్యూటరునే సర్వరుగా మార్చుకుంది. పొద్దున్నే బోటు నుంచి ఆటోలో ఇంటికొచ్చిన చేపల్ని ఫొటో తీసి బ్లాగులో పెడితే, తెనాలి ఆడవాళ్ళు చూసి ఫోన్లో చెప్పి తెప్పించుకునేవారు. మిగిలిన సరుకు దళారి చెప్పిన ధరకు పోవలసిందే.

ఒకరోజు నాగులు తెరలోకి తొంగిచూసి, ఫైళ్ళ పక్కనున్న పేరు కోడలిచేత చదివించుకున్నాడు.

"డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు డేటా అంట మావయ్యా. యజమాని పేరు."

"వాడెవడు? మనింట్లో వస్తువుకి వాడు యజమాని ఏంటి? నా పేరు పెట్టు."

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కుమారికీ అదేమంత పెద్ద మార్పుగా తోచక, ఫైళ్ళన్నిటికీ నాగులు పేరే పెట్టేసింది.

తెల్లారి బోటుకు వంజరం చేపలు విరగబడ్డాయి. ఫొటో పెట్టబోతే, ఈ ఫోల్డరులో రాయడానికి అనుమతి లేదని బ్లాగు మొండికేసింది. మళ్ళీ ప్రయత్నించినా అదే మాట. పెట్టెల్లో ఐసు కరిగిపోతోంది. తెనాలి నుంచి సుశీల ఫోన్ చేసి, "ఏంటమ్మాయ్, ఇవాళ చేపల్లేవా?" అని అడిగింది. కుమారికి ఏడుపొక్కటే తక్కువ.

"అందరికీ అనుమతి ఇచ్చెయ్, గోల వదిలిపోద్ది," అన్నాడు భర్త మస్తాన్.

"తాడిప్పి బోటుని గట్టున పోయేవాడికి అప్పజెబుతామంట్రా?" అని కసిరాడు నాగులు. "నా పేరు మాత్రం తీసేది లేదు."

కసిరినా ఆ మాట సబబే. కుమారి దాన్నే పట్టుకుంది. బోటుకు యజమాని ఒకడు, వేటకెళ్ళే జట్టు ఒకటి, గట్టు మీదివాళ్ళు వేరు. ఫైళ్ళకూ అంతే. ఫొటోల్ని లోపల పెట్టేది తను కాదు, సర్వరులో బ్లాగు తరఫున పనిచేసే ఆ మూడు డబ్ల్యుల వాడు. నిన్న వాణ్ణి గట్టు మీద దింపేసి, ఇవాళ వలలాగమంటే ఎలా లాగుతాడు?

"యజమాని మీరే మావయ్యా. వాణ్ణి జట్టులో చేర్చుకుందామా?"

నాగులు గడ్డం గోక్కున్నాడు. "జట్టులోనేగా. చేర్చు."

కుమారి ఒక గుంపు తయారుచేసి వాణ్ణి అందులో చేర్చింది. ఫొటోల ఫోల్డరు ఒక్కదాన్లో ఆ గుంపుకు రాసే హక్కు ఇచ్చి, సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వంజరాలు నిగనిగలాడుతూ తెరమీదికొచ్చాయి. సుశీల అందరికంటే ముందే ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా పెట్టెలన్నీ తెనాలి బండెక్కాయి. కుమారి అప్పుడు గానీ కాఫీ తాగలేదు.

సాయంత్రం జట్టుకు వాటాలు పంచుతూ నాగులు చెయ్యి ఆపాడు. "జట్టులో చేరాక వాడికీ వాటా ఇయ్యాలిగా."

మస్తాన్ పగలబడి నవ్వాడు. "వాడేం చేసుకుంటాడు నాన్నా? నోరు తెరిచి అడిగాడా?"

"అడగలేదనే నేనూ ఆలోచిస్తన్నా. ఈ ఇంట్లో అడక్కుండా పనిచేసేవాళ్ళు ఇంకెవరున్నారా అని," అంటూ నాగులు ఒక వాటా కోడలి వైపు జరిపాడు.

బోటెక్కని మనిషికి వాటా ఇవ్వడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. కుమారి మొహమాటానికైనా వద్దనకుండా రెండు చేతులా తీసుకుంది.