వంతెన కూలింది పదకొండున

మా ఊరి దినపత్రికలో ‘ఈ రోజున మన ఊళ్ళో’ అనే శీర్షిక ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నది నేనే. పాత పత్రికల బైండ్లు తిరగేసి, ఏ తేదీన ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాస్తాను. తప్పులు పట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అందుకే ఆ మధ్యాహ్నం ఒక టైలరమ్మ ఆఫీసుకొచ్చి, “పాత వంతెన కూలింది పన్నెండున కాదండీ, పదకొండున” అనగానే చిర్రెత్తుకొచ్చింది.

“పేపరు నా దగ్గరుందమ్మా. పన్నెండో తేదీదే.”

“దాని కింద ఇంకో మాట కూడా ఏటా రాస్తున్నారు కదండీ, ఆ సమయంలో కాపలాదారు డ్యూటీలో లేడని. ఆ కాపలాదారు మా నాన్న.”

ఆ మాట నా సొంత తెలివి. హాజరు పట్టీ వెతికి, పన్నెండున ఆయన రాలేదని చూసి మరీ చేర్చాను.

ఆవిడ సంచిలోంచి పాత ఆసుపత్రి చీటీ తీసింది. పదకొండో తేదీ సాయంత్రం, కుడికాలు విరిగింది.

“వరదలో ఎదురెళ్ళి బస్సు ఆపాడండీ. ఆపి, జారిపడ్డాడు. ఇన్నేళ్ళూ పోనీలే అని ఊరుకున్నాడు. నిరుడు మా పాప బళ్ళో మీరు రాసింది చదివారు. అది ఇంటికొచ్చి, ‘తాతా, ఆ రోజు నువ్వెక్కడికెళ్ళిపోయావ్?’ అంది. అచ్చులో ఉన్నదాన్ని కాదంటే ఎవరు నమ్ముతారని ఆయన నోరు విప్పలేదు. అప్పట్నుంచి దానికి కథలు చెప్పడమే మానేశాడు.”

విసుక్కుంటూనే బైండు దించాను. నేను తేదీ, హెడ్డింగు చూసి వదిలేసిన వార్త అది. మొదటి మాటే ‘నిన్న సాయంత్రం’. నాలుగో వాక్యంలో, కాపలాదారు కేకలకు బస్సు ఆగిందని ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ రోజు పత్రికైనా చెప్పేది ముందురోజు సంగతే కదా! ఇరవై రెండేళ్ళుగా ఊరి మంచీ చెడూ అన్నింటినీ ఒకరోజు ఆలస్యంగా జరిపిస్తున్నాను. అది నవ్వుకుని ఊరుకోవచ్చు. ఈ మనిషి సంగతి అలా కాదు.

ఈసారి పదకొండో తేదీ రాగానే పత్రికలో మొదటి పేజీలోనే వేశాం. వంతెన, బస్సు, ఆయన కాలు, నా తప్పు, అన్నీ. సాయంత్రం పేపరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుట్టుమిషను పక్కన అదే పేపరు మడిచి ఉంది.

“క్షమించండి” అన్నాను.

“మీరు కావాలని రాశారా ఏంటి బాబూ” అన్నాడాయన. ఆ మంచితనానికి నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో పాప బడినుంచి పరుగెత్తుకొచ్చింది. సంచీ కూడా దించకుండా మంచం దగ్గరికెళ్ళి నిలబడింది.

“తాతా, బస్సుకి ఎదురెళ్ళినప్పుడు నీకు భయమెయ్యలేదా?”

పెద్దాయన దాని మొహంలోకి చూశాడు.

“ఎందుకెయ్యలేదమ్మా, చచ్చేంత భయమేసింది” అంటూ మంచం మీద కాస్త పక్కకి జరిగి, దానికి చోటిచ్చాడు.