ఒక పూస తక్కువ

"మీటింగులో నువ్వు నోరు విప్పకు వడివూ, అంతా నేను చూసుకుంటా," అన్నాడు సెంగోడన్, నేను అతని కారియర్ సర్దుతుంటే. అని, బియ్యం, పప్పు కలిపి వండిన అరిసి పరుప్పు సాదం మీద నెయ్యి వేశానో లేదో మూత తీసి చూసుకున్నాడు. నేను తలూపాను. పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళలో ఆ మాట వింటే నాకు ధైర్యంగా ఉండేది. మీరు నవ్వినా సరే, నిజంగానే ఉండేది.

మా ఇద్దరిదీ కోయంబత్తూరులో ఒకే ఆసుపత్రి, ఒకే ఎక్స్‌రే విభాగం. నేనే ముందు చేరాను. పిల్లల్ని కదలకుండా ఎలా నిలబెట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టమనాలో అతనికి నేర్పింది నేను. మా ఇద్దరిలో ఒకరిని విభాగానికి పెద్దని చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం, "వడివుకి ఇంటి పనులుంటాయి కదండీ," అన్న మాట గెలిచి, అతను పెద్దయ్యాడు. ఆ మాట అన్నది అతనే. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వాను. పక్షవాతంతో అత్త మంచం పట్టి మూడేళ్ళయింది. పగలు చూసుకునే ఆయా నాలుగింటికి వెళ్ళిపోతుంది. అప్పటికల్లా ఇంట్లో ఉండాలని నేను పొద్దున అందరికంటే గంట ముందే డ్యూటీకొచ్చి, మూడున్నరకి బయల్దేరతాను.

కొత్త డిజిటల్ యంత్రం సెంగోడన్ పట్టుబట్టి కొనిపించింది. మెడ నుంచి తుంటి దాకా, కావాలంటే తుంటి నుంచి మడమ దాకా, మూడు ముక్కలుగా తీసి తనే అతికించి ఒకే బొమ్మగా చూపిస్తుంది. మంచి యంత్రమే, నేనేం కాదనను. కానీ మూడు ముక్కలూ పూర్తయ్యేదాకా మనిషి కదలకూడదు. పోయిన గురువారం యాళిని కదిలింది. పదమూడేళ్ళ పిల్ల, వెన్ను ఎడమకి వంగిపోయింది, ఆపరేషన్ చేయాలి. వీపు వెనక తాళ్ళు కట్టే ఆసుపత్రి గౌనులో సిగ్గుతో ముడుచుకుపోయి, "అక్కా, తలుపు మూశారా?" అని మూడుసార్లు అడిగింది. మూడో ముక్క దగ్గర మోకాళ్ళు వణికాయి. యంత్రం మాత్రం ఏమీ జరగనట్టు చక్కగా అతికించేసింది. నాకు కిందనుంచి వేలుపెట్టి లెక్కపెట్టుకునే అలవాటు. తుంటి ఎముక పైనుంచి మెడ మొదలు దాకా పదిహేడు పూసలుండాలి. పదహారే వచ్చాయి.

"మళ్ళీ తీయాలండీ," అన్నాను సెంగోడన్‌తో.

"కొందరికి పుట్టుకతోనే ఒకటి తక్కువుంటుంది. నీకు తెలీనిదా?"

"పుట్టుకతో తక్కువైతే సరిగ్గా అతుకు దగ్గరే తక్కువవుతుందా?"

అతను బయటికి చూశాడు. యంత్రం అమ్మిన కంపెనీవాళ్ళు పెద్ద డాక్టర్లతో కాఫీ తాగుతున్నారు. "వాళ్ళ ముందు మళ్ళీ తీస్తే నా పరువేం కాను? వాళ్ళని వెళ్ళనీ, నేనే తీసి పంపిస్తా. నువ్వు బయల్దేరు, అమ్మ ఒక్కతే అయిపోతుంది."

"ఇంకొక్కసారి నిలబడాలి బంగారూ," అని యాళినికి చెప్పి వచ్చేశాను.

అతను తీయలేదు. పిల్లని ఇంటికి పంపేసి, నా పేరు మీద తెరిచి ఉన్న కంప్యూటర్‌లోంచే ఆ పదహారు పూసల బొమ్మని పంపేశాడు. సోమవారం పొద్దున, ముందు రాత్రి నుంచీ ఏమీ తినని పిల్లని థియేటర్‌కి తీసుకెళ్ళబోతుంటే, ఆపరేషన్ చేసే డాక్టర్ తిరువేంగడం పాత ఎక్స్‌రేతో పోల్చి చూసి ఆగిపోయారు. ఆయన చూడకపోతే స్క్రూలు వేరే పూసలో దిగేవి. "ఎందుకు తీయలేదు?" అని నేనడిగితే సెంగోడన్ తల గోక్కున్నాడు. "మర్చిపోయా. యంత్రం తప్పని చెప్పేస్తాలే."

మంగళవారం మూడింటికి మీటింగు. "ఎవరు తీశారు?" అన్నారు డాక్టర్.

సెంగోడన్ లేచాడు. నావైపు చూడలేదు. "తప్పు మా ఇంటిదేనండి. మా అమ్మకి పక్షవాతం. వడివుకి ఎప్పుడూ ఇంటి ధ్యాసే, గడియారం చూసుకుంటూ పనిచేస్తుంది. ఆ రోజు తొందరలో లెక్కపెట్టకుండా పంపేసింది. పాపం ఆడమనిషి, రెండు చోట్లా ఎంతని చేస్తుంది? ఉద్యోగం తీసేయకండి. పళ్ళ ఎక్స్‌రేల దగ్గర కూర్చోబెట్టండి, చాలు."

ఆఫీసు చూసుకునే ఆవిడ నావైపు వంగి, "ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా," అంది.

నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు తల దించుకున్నాను. ఒక్క క్షణం, నిజంగానే లెక్కపెట్టలేదేమోనని నా వేలినే నేను అనుమానించాను. అందుకే అతన్ని క్షమించలేను. పరాయి ఆడదాని కోసం మోసం చేసిన మొగుళ్ళ గురించి చాలా విన్నాను, అలాంటప్పుడు ఏడవడానికి కనీసం నలుగురు తోడొస్తారు. ఇది ఎవరికి చెప్పుకోను? నీ ఉద్యోగం కాపాడాడుగా అంటారు. మూడేళ్ళుగా అతని తల్లి కింద నేను తీసిన ప్రతి బెడ్‌పాన్‌నీ తెచ్చి, ఆ బల్ల మీద నాకు వ్యతిరేకంగా సాక్ష్యం పెట్టాడు. తన తల్లి, తన పని, నా నేరం.

"ఇవాళే మళ్ళీ బొమ్మ కావాలి," అన్నారు డాక్టర్.

"నేనే తీస్తానండీ," అన్నాడు సెంగోడన్.

నేను లేచాను. "గురువారం బొమ్మని ఎన్నింటికి పంపారో అందులోనే ఉంటుంది, చూడండి డాక్టర్."

ఆయన ముందున్న కంప్యూటర్‌లో వెతికారు. "నాలుగూ ఇరవై."

"గేటు దగ్గర నా వేలిముద్ర మూడూ ముప్పై అయిదుకి పడింది. మళ్ళీ తీయాలని చెప్పే వెళ్ళాను. నాలుగూ ఇరవైకి నేను ఈయన తల్లికి ఒళ్ళు కడుగుతున్నాను."

సెంగోడన్ నా మోచెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు గుసగుసగా.

"మీరు వెళ్ళండి," అన్నాను, చెయ్యి విడిపించుకుంటూ. "నాలుగింటికి ఆయా వెళ్ళిపోతుంది, మీ అమ్మ తడిలో ఉంటుంది. పొడి గుడ్డలు బీరువా కింది అరలో ఉంటాయి. నాకిక్కడ ఆ పిల్లని నిలబెట్టే పనుంది."