తెల్లదారం పొట్లం

మిరియాలకు ఆవిరి పట్టే ఫ్యాక్టరీలో నన్ను దారం మేడం అంటారు. వెనకాలే అంటారు గానీ, నాకు వినపడేటట్టే అంటారు. నాది తనిఖీ ఉద్యోగం. కూరలో ఉడికే మిరియాల సంగతి వేరు. వండిన తిండి మీద చల్లుకునే పొడిని మళ్ళీ ఎవరూ ఉడికించరు, కాబట్టి అందులోని క్రిములు ముందే చావాలి. ఆవిరి పట్టకముందు ఒక నమూనా, పట్టాక ఒక నమూనా తీస్తాను. ముందుదానికి తెల్లదారం, తర్వాతదానికి ఎర్రదారం. ఎవరి ముడి కాస్త వదులైనా ఒంటికాలి మీద లేస్తాను.

పరీక్షకు పంపగా మిగిలిన తెల్లదారం పొట్లాన్ని కాల్చెయ్యాలి. ఎర్రదారం పొట్లం మాత్రం ఇంటికి పోతుంది. ఏ నిబంధనలోనూ అలా లేదు, అది మా ఆఫీసు ఆనవాయితీ. మా ఇళ్ళల్లో మిరియాలు కొన్న పాపాన ఎవరూ పోలేదు.

నెల కిందట ఒకరోజు ఎర్రదారం ఉండ అయిపోయింది. రెండు పొట్లాలకూ తెల్లదారమే కట్టాను. బాయిలర్ చూసే పెద్దాయన పక్కనే ఉన్నారు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

"మేడం, రెండూ ఒకేలా ఉన్నాయి. పెన్నుతో ఏదన్నా రాసుకోండి," అన్నారు.

"పదహారేళ్ళ నుంచీ చేస్తున్నా బాబాయ్. ఏది ఏదో నాకు తెలీదా?" అన్నాను. ఒకదాన్ని కాల్చడానికి పక్కన పెట్టి, రెండోదాన్ని ఇంటికి తెచ్చాను.

మూడో రోజు పొద్దున అమ్మ నాన్నకు గుడ్డు ఉడకబెట్టింది. పచ్చసొన కొంచెం జారుగా ఉంటేనే ఆయన తినేవారు. నేను తెచ్చిన మిరియాలు దంచి పైన చల్లింది. అమ్మ మిరియాలు ముట్టదు, గొంతు మంట. నేను ఆఫీసుకు ఆలస్యమైందని తినకుండా వెళ్ళాను. మర్నాటికి విరేచనాలు, జ్వరం. ఆరో రోజుకు నాన్న లేరు. "సరిగా ఉడకని గుడ్డేమైనా పెట్టారా?" అని డాక్టరు అడిగాడు. అమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

"ఇంకో రెండు నిమిషాలు ఉంచాల్సింది," అంటుంది. బట్టలు ఆరేస్తూ అంటుంది, తలుపు గడియ వేస్తూ అంటుంది. రోజూ అదే మాట.

నేను ఏడవలేదు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుందే, మనసు అలా ఉంది. గిల్లినా తెలియడం లేదు. నాన్న పోయిన రెండు వారాలకు వంటింట్లో ఉప్పు సీసా వెనక పొట్లం కనబడింది. తెల్లదారం. మిగిలిన మిరియాలను పేరు రాయకుండా మా ల్యాబులోనే ఇచ్చాను.

ఇవాళ కాగితం వచ్చింది. ఆవిరి తగలని మిరియాలు. ఆసుపత్రిలో నాన్న పరీక్షల్లో రాసిన క్రిమే ఇందులోనూ ఉంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. పడింది నేను, మునిగింది నాన్న.

"ఎక్కడి నమూనా అన్న గడి ఖాళీగా వదిలేశారు మేడం," అంది ల్యాబు అమ్మాయి. "ఏ కంపెనీయో రాసివ్వండి, కేసు పెడదాం."

ఇంటికి వచ్చేసరికి అమ్మ స్టవ్ దగ్గరుంది.

"అమ్మా, గుడ్డు కాదు."

"మరి?"

"మిరియాలు. కాల్చెయ్యాల్సిన పొట్లం. నేనే ఇంటికి తెచ్చాను."

అమ్మ స్టవ్ కట్టేసింది. తడి లేని చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. నా వైపు చూడలేదు.

"ఆఫీసులో ఎవరికన్నా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. ఉద్యోగం ఊడుతుంది. గుడ్డు వల్లే అనే ఉండనీ. నాకు అలవాటైపోయింది, నేను మొయ్యగలను."

తిమ్మిరి వదిలే ముందు సూదులు గుచ్చినట్టు పొడుస్తుంది. అది మొదలైంది. అమ్మ మీద కోపం కూడా వచ్చింది. సంచిలోంచి కాగితం తీసి, వంటింటి గట్టు మీదే పెట్టి, ఖాళీ గడి నింపాను. కింద సంతకం చేశాను.

"ఏం రాశావే?"

"మా వంటిల్లు. తెచ్చినవారు, నేను."

అమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అయితే, నేను సరిగానే ఉడకబెట్టానన్నమాట," అంది. నాన్న పోయాక అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.