తేనెటీగలకు తప్పుడు కబురు

మా ఆయన యోకుబాస్ చనిపోయాడని మా తేనెటీగలకు చెప్పింది పక్కింటి బల్త్రుస్. అదే సమయానికి మా ఆయన పట్నం ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని, గంజి పల్చగా ఉందని నర్సుతో తగవు పెట్టుకుంటున్నాడు.

తప్పు నాదేనని ఊళ్లో అంటారు. నేనొప్పుకోను. హెర్నియా ఆపరేషనైన మర్నాడు నేను వెళ్లి చూస్తే మంచం మీద మనిషి లేడు. వార్డంతా వెతికాను. ఈగలకు ఇష్టమైన లిండెన్ చెట్లు పూతకొచ్చాయో లేదో చూద్దామని ఆసుపత్రి గౌనుతోనే తోటలోకి దిగిపోయాడని తర్వాత తెలిసింది. అది తెలియక ముందు, ఆ కంగారులో, ఆ కోపంలో, బల్త్రుస్ భార్య జుజానాకి ఫోన్ చేసి, "మీ అన్నయ్య వెళ్లిపోయాడే! నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాడే!" అని ఏడ్చాను. అంతలో గాలివానకు ఊరి లైను తెగిపోయింది. అది మళ్లీ బాగయ్యేసరికి మేం ఇల్లు చేరాం. ఇందులో చావు మాట నేనెక్కడన్నాను?

మా వైపు గొడ్డూ గోదా చస్తాయి. మనుషులూ తేనెటీగలూ మాత్రం కాలం చేస్తారు. వాటికి మేమిచ్చే మర్యాద అది. ఇంటి యజమాని పోతే, పొద్దు గుంకేలోగా ఎవరో ఒకరు ఒక్కో ఈగల పెట్టె దగ్గరికీ వెళ్లి, తలుపు తట్టినట్టు తట్టి, కబురు చెప్పాలి. చెప్పకపోతే అవి అలిగి అతని వెనకే పోతాయి. చెబితే, కొత్త యజమాని వచ్చి తన పేరు చెప్పుకుంటాడేమోనని కొన్నాళ్లు ఎదురు చూస్తాయి; ఎవరూ రాకపోతే అవీ పోతాయి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరి పెట్టెలోంచి లేచిన ఈగల గుంపు ఇంకొకరి పెరట్లో వాలితే ఆ రెండిళ్లకూ వియ్యం కుదిరినట్టే. అది తేనె వియ్యం. ఆ ఇద్దరూ ఒకరినొకరు బావగారూ అని పిలుచుకోవాలి, తగువులాడకూడదు. మా గుంపొకటి బల్త్రుస్ పెరట్లో వాలినప్పుడు అతను సంబరపడిపోతూ కంచె దగ్గరికొచ్చి "బావగారూ!" అని పిలిచాడు.

"నీ మొహం బావగారు! ఖాళీ పెట్టెకి తేనె రాసి నా ఈగల్ని ఎగరేసుకుపోయావు. దొంగ వెధవా!" అన్నాడు మా ఆయన.

రాయలేదని అతను, రాశావని ఈయన. ఆ రోజు నుంచి ఏళ్ల తరబడి మాటల్లేవు. మాటల్లేవంటే నేరుగా లేవని అర్థం. వాళ్ల మేకతో మా ఆయనా, మా కుక్కతో బల్త్రుసూ చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుంటూనే ఉండేవారు.

మేం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి జుజానా నల్ల గుడ్డ తలకు చుట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉంది. మా ఆయన్ని చూసి కెవ్వుమంది. చేతిలో ఉన్న బంగాళాదుంప రొట్టె పళ్లెంతో సహా కింద పడింది. పెరట్లో బల్త్రుస్ మా గడ్డి కోసి పెడుతున్నాడు. ఇటు తిరిగి, చనిపోయినవాళ్లని చూస్తే తీసినట్టు టోపీ తీశాడు. మళ్లీ ఠక్కున పెట్టేసుకున్నాడు.

"ఈ మనిషి బతికే ఉన్నాడేంటి?" అని మా కుక్కని అడిగాడు.

"అయ్యో వదినా, మరి ఈగలకి చెప్పేశాంగా!" అంది జుజానా.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పెట్టెల వైపు చూశాడు. ఈగలన్నీ లోపలికి పోకుండా, ప్రతి పెట్టె ముందూ గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఎండ ఎక్కువైతే అలా వేలాడతాయని ఆయనే నాకు నేర్పాడు. ఆ రోజు మాత్రం నన్ను పేరు పెట్టి పిలిచి, "వెళ్లిపోతున్నాయి, ఉర్షులే. నా వెనకే వచ్చేస్తున్నాయి" అన్నాడు.

లోపలికెళ్లి పడుకున్నాడు. చేతులు రెండూ గుండెల మీద జోడించుకున్నాడు.

"బీట్‌రూట్ చారు చల్లగా ఉంది, తాగుతావా?"

"పోయినవాడికి చారెందుకే?"

"పోయినవాడికి నోరెందుకు మరి?"

మొదట నవ్వొచ్చింది. పోనీలే, ఆకలేస్తే తనే లేస్తాడనుకున్నాను. రోజులు గడిచినా లేవలేదు. చెంపలు లోపలికి పోయాయి. కుట్లు మానడం లేదు. ఈ మనిషి డాక్టరు మాట కన్నా ఈగల మాటే ఎక్కువ నమ్ముతాడు. అవి లేచిపోతే నిజంగానే ప్రాణం వదిలేస్తాడని నాకు భయం పట్టుకుంది. విసుగెత్తించే మనిషే, కాదనను. కానీ ఆయన లేని ఇల్లు నాకొద్దు.

పరుగున బార్బొరా అవ్వ దగ్గరికి పోయాను. ఏటా నడివేసవిలో వచ్చే రాసోస్ పండగకు కొండ మీద మంట వెలిగించేది ఆవిడే. ఏ చెట్టుకు ఏ మొక్కు, ఏ దేవతకు ఏది ఇష్టం, అంతా ఆవిడకు తెలుసు.

"అవ్వా, ఈగలకి చావు కబురు చెప్పేశాక మనిషి తిరిగొస్తే ఏం చెయ్యాలి?"

"ఏమోనే. ఇంతవరకూ ఎవడూ తిరిగి రాలేదు" అంది అవ్వ. పుదీనా ఆకొకటి నోట్లో వేసుకుంది. "చెప్పినవాడే వెనక్కి తీసుకోవాలి. వాడన్న ప్రతి మాటా మళ్లీ పైకి అనాలి. తప్పు తియ్యాలి, నిజం ఉంచాలి. వాటి దగ్గర అబద్ధమాడితే ఉన్న ఈగలు కూడా పోతాయి."

అవ్వను వెంటబెట్టుకెళ్లి ఈ మాట బల్త్రుస్‌కి చెబితే అతనికి చెమటలు పట్టాయి.

"ప్రతి మాటా అంటే... ఆయన ముందేనా? గొణిగితే చాలదా?"

"అప్పుడు గొణిగావా?" అంది అవ్వ.

"లేదు" అన్నాడు, బూట్ల వైపు చూస్తూ.

పండగ రోజు పొద్దు వాలకముందే అందరం పెట్టెల దగ్గర చేరాం. మా ఆయనకు తెల్ల నార చొక్కా తొడిగి, తలకు ఓక్ ఆకుల దండ పెట్టి, నా భుజం ఆసరా ఇచ్చి నడిపించుకొచ్చాను. బల్త్రుస్ టోపీ తీసి మొదటి పెట్టెను మూడుసార్లు తట్టాడు.

"అమ్మల్లారా, మీ యజమాని యోకుబాస్ కాలం చేశాడన్నాను. అది తప్పు. తీసేస్తున్నాను."

"ఇంకా?" అంది అవ్వ.

"నోటి దురుసు మనిషన్నాను. అది ఉంచండి."

మా ఆయన పళ్లు నూరాడు. చాలా రోజుల తర్వాత ఆ చప్పుడు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా?"

"ఈ చుట్టుపక్కల ఈగల మనసు తెలిసినవాడు ఇతనొక్కడేనన్నాను. అదీ... ఉంచండి."

"ఇంకా?"

బల్త్రుస్ టోపీని రెండు చేతులతో పిండేస్తున్నాడు. "అయిపోయింది" అన్నాడు.

"అబద్ధం!" అంది జుజానా. "ఒక్కో పెట్టె దగ్గరా అంతసేపు నిలబడ్డావు. అంతేనా చెప్పింది?"

పెట్టె ముందు వేలాడుతున్న గుత్తి గుయ్యిమంది. బల్త్రుస్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"సరే, సరే! ఆ ఖాళీ పెట్టెకి తేనె రాశానన్నాను. పుదీనా కూడా రుద్దానన్నాను. ఇతనితో వియ్యం కలుపుకోవాలని ఆశపడి రాశానన్నాను. అడిగితే ఒప్పుకోడుగా, గర్విష్ఠి!"

నా భుజం మీద మా ఆయన చెయ్యి బిగిసింది.

"అది తీసేస్తావా, ఉంచుతావా?" అన్నాడు మా ఆయన. కుక్కను కాదు, మేకను కాదు, నేరుగా బల్త్రుస్‌నే అడిగాడు.

"ఉంచుతాను. ఇంకొకటి కూడా ఉంది." అతను మళ్లీ పెట్టె వైపు తిరిగాడు. "ఇతను పోయాక ఈ కంచె దగ్గరికి రావాలనిపించట్లేదు, చలికాలమంతా నేనెవరితో పోట్లాడేది అన్నాను. అది కూడా ఉంచండి."

అప్పుడు మా ఆయన నా భుజం వదిలేసి, తనంతట తానే నడిచి వెళ్లి పెట్టె ముందు తల వంచాడు. కొత్త యజమాని చెప్పుకున్నట్టే పేరు చెప్పుకున్నాడు. "నేను యోకుబాస్‌ని. పాతవాడినే. మళ్లీ నన్నే ఏలుకోండి."

బార్బొరా అవ్వ తేనెకల్లు గిన్నె తీసుకుని, ఈగల తల్లి అవుస్తేయాకు అని ఆకాశంలోకి విసిరింది. దేవతకెంత అందిందో తెలియదు కానీ, సగం బల్త్రుస్ నెత్తిన పడింది. ఎండ తగ్గిందో, మాట వినపడిందో, ఈగలు మెల్లగా ఒక్కొక్కటే పెట్టెలోకి దూరడం మొదలుపెట్టాయి.

మా ఆయన వాటిని చివరిదాకా చూశాడు. చూసి, "ఆకలేస్తోందే" అన్నాడు. నేను అందరి ముందూ, సిగ్గు లేకుండా, భోరున ఏడ్చాను.

ఇంట్లోకెళ్లాక ముందు మా ఆయన రెండు గిన్నెల చారు తాగాడు. ఆ తర్వాత బల్త్రుస్ నెత్తి తుడుచుకుంటూ బల్ల దగ్గర కూర్చుంటే, మా ఆయన తన చేత్తోనే అతనికి వడ్డించాడు.

"తాగండి బావగారూ. ఒక మాట. మీరు పోయినరోజు మీ ఈగలకి కబురు నేనే చెప్తాను. ఇంకెవర్నీ చెప్పనివ్వను."

బల్త్రుస్ చెంచా కింద పెట్టాడు.

"అలాగే బావగారూ" అన్నాడు. "కాకపోతే పోయానో లేదో ఒకసారి వచ్చి, చూసి చెప్పండి."